అంగీఠీకి ఒక జిమ్మేదార్ కావాలి

బక్రీద్ మొదటి రోజు మన ఇళ్లల్లో ఎవరికీ ఊపిరి సలపదు. పొద్దున్నే ఈద్‌గాహ్, ఆ తర్వాత ఖుర్బానీ, హిస్సాలు చేయడం, రిష్తేదారులకీ గరీబులకీ పంచడం, వచ్చిపోయే మెహమాన్లు. అసలు తీరుబడి రెండో రోజు సాయంత్రానికి గానీ దొరకదు. అసర్ నమాజ్ అయిందో లేదో, మొహల్లాలో ఒక్కో డాబా మీదికీ ఒక్కో అంగీఠీ ఎక్కుతుంది. పచ్చి బొప్పాయి పట్టించి నానబెట్టిన బోటీ ఒక తపేలాలో, సీఖ్‌లకి ఖీమా ఇంకో తపేలాలో. పిల్లలకి విసనకర్ర దొరికితే చాలు, అదే ఆట. మగ్రిబ్ అయ్యేసరికి మొత్తం గల్లీ మీద చర్బీ కాలిన ఖుష్బూ దుప్పటిలా పరుచుకుని ఉంటుంది.

ఆ ఖుష్బూ అంటే నాకూ ఇష్టమే. అందుకే ఈ మాటలు పండగకి ముందే రాస్తున్నాను. మసాలా ఎంత వేయాలో చెప్పేవాళ్లు ఇంటికి పదిమంది ఉన్నారు. ఆ నిప్పు ఎవరిదో చెప్పేవాళ్లే లేరు.

మా ఇంట్లో ఒకప్పుడు ఈ ప్రశ్న రాలేదు. నిప్పు మా దాదాది. ఆయన గుంటూరు గల్లీల్లో తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవారు. మట్టిలో చిన్న గుంత తవ్వి, తోలు తిత్తి బిగించి, బొగ్గులు రాజేసి, గిన్నె ఎర్రబడ్డాక నవాసారం చల్లి, తగరం ముక్క తిప్పి, దూదితో ఒక్క చుట్టు తుడిస్తే గిన్నె లోపల వెన్నెల కాసేది. నలభై ఏళ్లు నిప్పుతో బతికిన మనిషి. స్టీలు గిన్నెలొచ్చి ఆ పని పోయినా నిప్పు దగ్గర ఆయన పద్ధతి పోలేదు. బక్రీద్‌కి డాబా మీద అంగీఠీ పెట్టే చోట ముందు ఇసుక పోయించేవారు, దాని మీద నాలుగు ఇటుకలు, ఆపైన అంగీఠీ. చుట్టూ సున్నంతో ఒక గీత గీసేవారు. గీత లోపలికి పిల్లలెవరూ రాకూడదు. పక్కన ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక. ఆయన కూర్చున్నాక ఇక లేచేవారు కాదు. మేం ప్లేటు ఇవ్వబోతే, "నిప్పు ముందు కూర్చున్నోడు తినకూడదు బేటీ, తినేవాడు నిప్పు ముందు కూర్చోకూడదు" అనేవారు. అందరం తిన్నాక, బొగ్గులు ఆర్పాక, చేతులు కడుక్కుని తినేవారు.

దాదా ఇంతికాల్ అయి పదకొండేళ్లు. అంగీఠీ ఉంది, ఇటుకలు ఉన్నాయి, ఆ కుర్చీలో మాత్రం ఎవరూ లేరు. ఇప్పుడు మా ఇంట్లో అంటించేది ఒకరు, విసిరేది ఒకరు, సీఖ్ తిప్పేది ఇంకొకరు. ఫోన్ వస్తే ముగ్గురూ పక్కకి వెళ్తారు. మీ ఇళ్లల్లోనూ ఇంతే అయ్యుంటుంది. నిప్పు అందరిదీ అయిందంటే ఎవరిదీ కాదనే అర్థం. నేను చూసిన, విన్న హాద్‌సాలన్నీ ఆ ఖాళీ కుర్చీ దగ్గరే మొదలయ్యాయి.

మా ఫుఫ్పు కుడిచెయ్యి చూడండి. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది. ఆమె ససురాల్లో ఒక ఈద్‌కి బొగ్గులు సరిగా అంటుకోలేదు. ఆరిపోయాయనుకుని ఎవరో కుర్రాడు బండిలోంచి సీసాలోకి పట్టిన పెట్రోల్ పోశాడు. కింద నిప్పు కణికలు బతికే ఉన్నాయి. మంట పెట్రోల్ ధార పట్టుకుని సీసా దాకా పాకింది. వాడు భయపడి సీసా విసిరేశాడు. అది వచ్చి పడింది సీఖ్‌లకి ఖీమా పట్టిస్తున్న ఫుఫ్పు చేతిమీద.

పెట్రోల్‌కి మంట తగలనక్కర్లేదు, దాని ఆవిరికి తగిలితే చాలు. ఆ ఆవిరి గాలికన్నా బరువు, కంటికి కనపడకుండా నేలమీదే పాకుతుంది. కిరోసిన్ అంత తొందరగా అంటుకోదు గానీ, వేడి బొగ్గుల మీద పోస్తే అదీ అలాగే ఎగుస్తుంది. కరోనా రోజుల తర్వాత కొత్తగా శానిటైజర్ పోసేవాళ్లు తయారయ్యారు. దాని మంట ఇంకా మోసం. లేత నీలంగా ఉండి, పగటి వెలుతురులో కనపడనే కనపడదు. అంటుకోలేదని ఇంకాస్త పోస్తారు.

దాదాకి ఇవేవీ అవసరం పడలేదు. రెండువైపులా మూతలు కోసేసిన పాత నూనె డబ్బా ఒకటి ఉండేది, కింది అంచు చుట్టూ మేకుతో చిల్లులు. అడుగున కొబ్బరి పీచు, చిత్తుకాగితం, వంటనూనెలో తడిపిన గుడ్డ పీలిక. పైన బొగ్గులు. కింద అంటిస్తే డబ్బా పొగగొట్టంలా గాలిని లాగుతుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర వస్తుంది. అప్పుడు పటకారతో డబ్బా ఎత్తి బొగ్గులు పరిచేవారు. అంటించడానికి ఇరవై నిమిషాల సబర్ లేనివాళ్లు అంగీఠీ జోలికి పోకూడదు. కొందరు కింద వంటింట్లో గ్యాస్ మీద జాలీ పెట్టి బొగ్గులు ఎర్రగా చేసి, మెట్లమీదుగా పైకి మోసుకెళ్తారు. పండగ నాడు ఆ మెట్లమీద ఎంతమంది పిల్లలు కిందికీ పైకీ ఉరుకుతుంటారో తలచుకుంటేనే గుండె గుబేలుమంటుంది. ఎక్కడ కాలుస్తారో అక్కడే అంటించండి.

ఇక చోటు సంగతి. మన డాబాలు దాదా కాలం నాటి ఖాళీ డాబాలు కావు. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, దాని పైపులు, బట్టల తీగలు, కూలర్ గడ్డి, కేబుల్ వైర్లు, ఎండకని కట్టిన టార్పాలిన్. వీటన్నిటికీ కనీసం పది అడుగుల దూరం చూసుకోండి. నెత్తిమీద కరెంటు తీగ గానీ టార్పాలిన్ గానీ ఉండకూడదు. ఇసుకా ఇటుకలూ దాదా చాదస్తం కాదు. స్లాబు మీద, టైల్స్ మీద నేరుగా వేడి తగిలితే సిమెంటు పెచ్చు ఠప్పున పేలి ఎగురుతుంది. టేబుల్ ఫ్యాన్ పెట్టి విసిరితే నిప్పురవ్వలు మన డాబా మీద ఆగవు, పక్కింటి మీదికి పోతాయి. పడోసీకి గోష్త్ హిస్సా పంపడం ఎంత ముఖ్యమో, నిప్పురవ్వ పంపకపోవడమూ అంతే.

బట్టల మాట చెబితే ఆడవాళ్లకి కోపం వస్తుంది. పండగ జోడా వేసుకునేది చూపించుకోవడానికే కదా! కాకపోతే జార్జెట్ దుపట్టా, నైలాన్ బుర్ఖా, పాలిస్టర్ కుర్తా కరిగి చర్మానికి అతుక్కుంటాయి. వదులుగా వేలాడేదైతే నూలు బట్టా తొందరగానే అంటుకుంటుంది. నిప్పు దగ్గర కూర్చునేవాళ్లు ఆ గంటా రెండు గంటలూ ఒంటికి పట్టి ఉండే పాత నూలు బట్టలు కట్టుకుని, దుపట్టాని వెనక్కి తీసి ముడి వేసుకోవాలి. చేతులు మడుచుకోవాలి. ఫోటోలు తర్వాత దిగొచ్చు.

ఖుర్బానీ గోష్త్‌లో చర్బీ ఎక్కువ. అది కరిగి బొగ్గుల మీద పడగానే మంట భగ్గున లేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు చెంబుడు నీళ్లు గుమ్మరిస్తారు. కాలుతున్న నెయ్యి మీద, నూనె మీద నీళ్లు పడితే ఆ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మండే చర్బీని నలువైపులా చిమ్ముతాయి. సీఖ్‌లని పక్కకి జరిపితే మంట దానంతట అదే తగ్గుతుంది. అందుకే బొగ్గులన్నీ ఒకవైపు పోసి, ఇంకోవైపు ఖాళీగా ఉంచుకోవాలి. తగ్గకపోతే రేకు మూత, అదీ లేకపోతే ఇసుక. పైన పూసే నూనె గిన్నె అంగీఠీ అంచున ఎప్పుడూ పెట్టకండి.

మా ఖాలా ససురాల్ హైదరాబాద్. వాళ్లకి సీఖ్ ఆనదు, పత్థర్ కా గోష్త్ కావాల్సిందే. బొగ్గుల మీద గ్రానైట్ పలక పెట్టి కాలుస్తారు. రుచి మాషాఅల్లాహ్. అయితే రాయి లోపల చెమ్మ ఉంటే వేడికి ఆవిరై రాయినే పగలగొడుతుంది. ఏటి ఒడ్డున దొరికిన రాయి, వానలో నానిన రాయి, బీట ఉన్న రాయి పనికిరావు. ఎండలో బాగా ఎండిన పలకని సన్నని వేడి మీద పెట్టి మెల్లగా కాగనివ్వాలి. ఎర్రగా కాగిన పలక మీద చన్నీళ్లు చల్లి కడగబోవడం ఇంకో ప్రమాదం. తెల్లారేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

ఇవన్నీ కంటికి కనపడే నిప్పు సంగతులు. నన్ను ఎక్కువ భయపెట్టేది కనపడనిది.

బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2023లో జూన్ 29న, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న చేసుకున్నాం. అంటే ఆ ఏళ్లల్లో మన పండగ తొలకరి వానల్లో పడింది. అలాంటి ఒక సాయంత్రం మా ఇంట్లో సగం సీఖ్‌లు కాలాక వాన దంచింది. మగపిల్లలు అంగీఠీని నలుగురు పట్టుకుని డాబా మీద మెట్లగదిలోకి లాగారు. జల్లు కొడుతోందని తలుపు వేశారు. మంట లేదు, పొగ లేదు, ఎర్రగా కాగుతున్న బొగ్గులే కదా అని పిల్లలూ పెద్దలూ చుట్టూ చేరారు. నేను కింద వంటింట్లో రోటీలు చేస్తున్నాను. అరగంట దాటాక చిన్న ఖాలా తల పట్టుకుని కూర్చుంది, వాంతి వచ్చేలా ఉందంది. ఆరేళ్ల మేనల్లుడు నిద్రొస్తోందని గోడకి జారబడ్డాడు. అమ్మీ కాళ్లలో సత్తువ లేదంది. "కొత్త బట్టల మీద నజర్ తగిలింది" అని ఎవరో ఎండుమిరపకాయల కోసం కిందికి దిగారు. ఆ మాట విని పైకి వచ్చింది పక్కింటి అమ్మాయి. నర్సింగ్ చదువుతోంది. తలుపు బార్లా తీసి, ఒక్కొక్కరినీ రెక్కపట్టి వానలోకి ఈడ్చింది. కొత్త జోడాలు తడుస్తున్నాయని అరిచినవాళ్ల మాట వినలేదు. పిల్లాడికీ ఖాలాకీ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్, తెల్లారేసరికి ఇద్దరూ తేరుకున్నారు.

అది నజర్ కాదు, కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. బొగ్గుకి చాలినంత గాలి అందకుండా కాలినప్పుడు పుడుతుంది. పొగ ఆగిపోయి బొగ్గు ఎర్రగా, అందంగా ఉన్నప్పుడు కూడా పుడుతూనే ఉంటుంది. మన రక్తంలో ప్రాణవాయువుని మోసే హిమోగ్లోబిన్‌కి ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మనం ఊపిరి పీలుస్తూనే ఉంటాం, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. ముందు తలనొప్పి, తర్వాత తల తిరగడం, వికారం, నీరసం, మత్తు. ఆ మత్తులో పడుకున్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు. ఉత్తరాదిన చలికాలంలో మూసిన గదుల్లో అంగీఠీ పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల ఖబర్లు ఏటా చదువుతూనే ఉంటాం. ఒక్క కిటికీ తీసిపెడితే చాలదు. వాన వస్తే గోష్త్ తీసుకుని మనం కిందికి రావాలి. అంగీఠీ మాత్రం గడప దాటకూడదు. మిగిలిన బోటీలు తవా మీద కాలవా ఏం? ఒకేచోట కూర్చున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చాయంటే మిరపకాయలు వెతక్కండి, ముందు బయటికి లాగి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

తినడం అయ్యాక అంగీఠీని చూసే దిక్కుండదు. తెలుగులో నివురుగప్పిన నిప్పు అన్న మాట ఊరికే పుట్టలేదు. బూడిద కప్పేసిన కణిక మర్నాటి దాకా, ఒక్కోసారి రెండో రోజు దాకా రాజుకునే ఉంటుంది. రాత్రి బూడిద ప్లాస్టిక్ బకెట్‌లోనో, చెత్త సంచిలోనో పోస్తే తెల్లారేసరికి ఏం మిగులుతుందో చెప్పలేం. ఉత్త కాళ్లతో డాబా మీదికి వచ్చే పిల్లల పాదాలు కాలేదీ ఈ బూడిదతోనే. మూత ఉంటే మూసి బొగ్గుల్ని ఊపిరాడక చావనివ్వండి. లేకపోతే దూరంగా నిలబడి, పక్కనుంచి కొంచెం కొంచెం నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. ఒక్కసారే కుమ్మరిస్తే వేడి ఆవిరీ బూడిదా మొహం మీదికే లేస్తాయి. అన్నీ చల్లారాకే ఇనప బకెట్‌లోకి ఎత్తాలి. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివాళ్లతో సహా కాలిపోయిందని తెలిసినప్పుడు, నిప్పు మనకి దుష్మన్ అనీ, పడుకునే ముందు దాన్ని ఆర్పేయమనీ రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. ఇషా చదివి పడుకోబోయే ముందు డాబా మెట్లు ఒకసారి ఎక్కి రావడం ఆ హిదాయత్‌ని పాటించడమే.

ఎంత ఎహ్తియాత్‌గా ఉన్నా ఎక్కడో వేలు కాలుతుంది. అప్పుడు ఏం చేయాలో ముందే తెలిసుండాలి. ఫుఫ్పు చేతికి ఆ రోజు ఒకరు టూత్‌పేస్ట్ రాశారు, ఒకరు సిరా పోశారు, ఒకరు పసుపు అద్దారు. ఆసుపత్రిలో వాటినన్నింటినీ గీకి తీయాల్సి వచ్చింది. కాలడంకన్నా ఆ గీకడమే ఎక్కువ బాధపెట్టిందని ఇప్పటికీ అంటుంది. కాలినచోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ల ధార, అంతే. ఐస్ వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. చర్మానికి అతుక్కున్న బట్టని లాగొద్దు. శుభ్రమైన పల్చటి గుడ్డ కప్పి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంకో మాట. జూన్ ఎండకి డాబా మీది ట్యాంకు నీళ్లు సాయంత్రానికి సలసల కాగుతుంటాయి. ఆ కుళాయి నమ్ముకోకుండా కిందనుంచి రెండు బకెట్ల చన్నీళ్లు ముందే పైకి చేర్చండి. బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. నేలమీద పడి దొర్లాలి, లేదా మందపాటి నూలు దుప్పటి కప్పాలి. మంట చెయ్యిదాటితే 101.

ఇన్ని సంగతులు పండగ సంబరంలో పదిహేనుమందీ గుర్తు పెట్టుకోరు. పెట్టుకోనక్కర్లేదు కూడా. ఒక్కరు గుర్తు పెట్టుకుంటే చాలు. ఆ ఒక్కరు ఎవరో అంగీఠీ అంటించకముందే తేలాలి. ఇసుక పోసిన దగ్గర్నుంచి బూడిద చల్లారేదాకా వాళ్లదే జిమ్మేదారీ. ఫోన్ జేబులో ఉండాలి. లేవాల్సి వస్తే ఇంకొకరిని పేరు పెట్టి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి లేవాలి. "అంతా చూస్తున్నార్లే" అన్న మాట నిప్పు దగ్గర చెల్లదు.

ఎవరిని కూర్చోబెట్టాలో నాకు ఒక సలహా ఉంది. మగవాళ్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు డాబా మీద నిప్పు అంటించి ఉస్తాదులైపోతారు. నలభై ఏళ్లు కట్టెపొయ్యి, కిరోసిన్ స్టవ్, గ్యాస్ వరసగా చూసిన అమ్మీనీ, ఖాలానీ ఆ సాయంత్రం ఉల్లిపాయలు కోయమని కింద కూర్చోబెడతాం. నిప్పు ఎప్పుడు మాట వింటుందో, ఎప్పుడు వినదో ఆ ఇంట్లో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఒకసారి వాళ్లని అడిగి చూడండి.

మేం అడిగాం. అమ్మీ ముందు నవ్వింది, తర్వాత దాదా సున్నం డబ్బా ఎక్కడుందో వెతకమంది. ఆమె పక్కన నేర్చుకోవడానికి మా తమ్ముడు కూర్చుంటాడు, ఉల్లిపాయలు వాడి దోస్తులు కోస్తారు. అమ్మీది ఒకటే షరతు. ఆఖరి నాలుగు సీఖ్‌లు ఎవరూ ముట్టుకోకూడదు. బొగ్గులు చల్లారాక, చేతులు కడుక్కుని, అవి ఆమె తింటుంది.

మీ అందరికీ ముందుగానే ఈద్ ముబారక్.